మజిల్ కారుకు హెడర్: కొలత ముందు, కొనుగోలు తర్వాత

1971లో షెవ్రొలెట్ కంపెనీ తన ఎల్‌టీ-1 ఇంజనుకు రెండు లెక్కలు ప్రకటించింది. 350 ఘనపుటంగుళాల ఆ వీ8 శక్తి గ్రాస్ లెక్కలో 330 హార్స్‌పవర్, నెట్ లెక్కలో 275. ఇంజను ఒకటే. మొదటి అంకె టెస్టు బెంచీ మీద, కారుకు ఉండే ఎయిర్ క్లీనరు, సైలెన్సరు లాంటి బరువులేవీ తగిలించకుండా తీసినది. రెండోది కారులో ఎలా ఉంటుందో అలాగే అన్నీ బిగించి తీసినది. 1972 నుంచి అమెరికా కంపెనీలన్నీ నెట్ లెక్కకే మారాయి. ఆ 55 హార్స్‌పవర్ అంతా పొగగొట్టమే మింగిందని కాదు గానీ, అందులో దాని వాటా చిన్నదేమీ కాదు. పాత మజిల్ కారు కొన్నవాడు మొట్టమొదట హెడర్ల వైపు చూసేది ఆ వాటా కోసమే.

వీ8లో ఒక్కో పక్క నాలుగు సిలిండర్లు. వాటి ఎగ్జాస్ట్ పోర్టులు నాలుగింటినీ కలుపుతూ ఫ్యాక్టరీలో బిగించే పోత ఇనుప భాగం మానిఫోల్డు. చవకైనది, గట్టిది, ఇంజను చప్పుడును చాలావరకు తనలోనే అణచుకుంటుంది. దాని లోపమల్లా, నాలుగు సిలిండర్ల పొగా ఇరుకైన ఒకే గదిలోకి వచ్చి ఒకదానికొకటి అడ్డుపడటమే. హెడర్‌లో అలా కాదు. ఒక్కో సిలిండరుకు ఒక్కో ఉక్కు గొట్టం. నాలుగూ కొంతదూరం విడివిడిగా సాగి, చివర కలెక్టరు అనే పెద్ద గొట్టంలో కలుస్తాయి. మన బుల్లెట్ బండికి ఇంజను నుంచి సైలెన్సరు దాకా ఒక బెండ్ పైపు వస్తుంది కదా, అలాంటివి ఎనిమిదింటిని స్టీరింగ్ బాక్సుకీ స్టార్టరుకీ చాసిస్‌కీ మధ్య చెయ్యి కూడా దూరని సందులో నడిపించాలి. ఈ వ్యాసం చివరిదాకా చెప్పబోయేది ఒకటే: హెడర్ విషయంలో గుర్రాల లెక్క కంటే కారులో అది ఎలా కూర్చుంటుందన్నదే పెద్ద ప్రశ్న.

ఈ గొట్టాల కథ మజిల్ కార్ల కంటే పాతది. పోంటియాక్ 389 ఇంజనుతో జీటీఓను తెచ్చింది 1964లో. అప్పటికే పదేళ్లుగా దక్షిణ కాలిఫోర్నియాలో హాట్ రాడ్ కుర్రాళ్లు గొట్టాలు వంచి, వెల్డింగు చేసి అమ్ముతున్నారు. బాబ్ హెడ్‌మన్ 1954లో మొదలుపెట్టిన కంపెనీ పేరు నేటికీ మార్కెట్లో ఉంది. అరవైల మొదట్లో గ్యారీ హుకర్ పెట్టిన కంపెనీ పేరు డ్రాగ్ రేసుల ట్రాకు మీద దాదాపు హెడర్‌కు మారుపేరైంది. కార్ల కంపెనీలకూ ఈ సంగతి తెలియంది కాదు. 1962లో క్రైస్లర్ తన 413 మాక్స్ వెడ్జ్ ఇంజనుకు పైకి వంపు తిరిగిన పొడవాటి పోత ఇనుప గొట్టాలు పెట్టింది. పోంటియాక్ సూపర్ డ్యూటీ 421కి బరువు తగ్గుతుందని అల్యూమినియంతోనే పోతపోసింది. పావు మైలు పరుగుకు అవి భేషుగ్గా పనిచేసేవి, అదే ఇంజనును ఎక్కువసేపు లాగిస్తే కరిగిపోయేవి. 1965లో కరోల్ షెల్బీ మస్టాంగ్‌ను జీటీ350గా మార్చినప్పుడు 289 ఇంజను 271 నుంచి 306 హార్స్‌పవర్‌కు ఎక్కింది. హోలీ కార్బురేటరు, అల్యూమినియం ఇన్‌టేక్‌తో పాటు ట్రై-వై హెడర్లూ ఆ మార్పులో భాగమే. 1967 కమారో జెడ్ 28 కొన్నవాళ్లు అదనంగా డబ్బు కడితే హెడర్లను డిక్కీలో పెట్టి ఇచ్చేవారు. 1968 హెమీ డార్ట్ అయితే హుకర్ హెడర్లతోనే వచ్చింది, కాకపోతే అది రోడ్డు కోసం చేసిన కారు కాదు.

హెడర్ శక్తినెలా పెంచుతుందో సరిగ్గా తెలిస్తే కొనుగోలులో సగం పొరపాట్లు తప్పుతాయి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే పీడనంతో కూడిన ఒక కెరటం గొట్టంలోకి దూసుకెళ్తుంది. గొట్టం హఠాత్తుగా వెడల్పయ్యే చోట, అంటే కలెక్టరు దగ్గర, ఆ కెరటంలో కొంత తిరగబడి తక్కువ పీడనపు కెరటంగా వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉండే క్షణానికి అది సిలిండరు దగ్గరికి చేరితే, లోపల మిగిలిన పొగను బయటికి లాగి కొత్త మిశ్రమానికి దారి ఇస్తుంది. గొట్టం పొడవు దీన్నిబట్టే. పొడవైన గొట్టంలో కెరటం ఆలస్యంగా తిరిగొస్తుంది కనుక తక్కువ వేగంలో లాభం, పొట్టి గొట్టంలో ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర లాభం. ఇంజనుకు కొంత బ్యాక్ ప్రెషర్ ఉండాలన్న మాట గ్యారేజీల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అది పొరపాటు. ఇంజనుకు కావలసింది పొగకు వడి. మరీ లావు గొట్టం పెడితే వడి తగ్గి, కింది వేగంలో బండి మందగిస్తుంది. అది చూసి బ్యాక్ ప్రెషర్ పోయిందనుకుంటారు.

అమెరికన్ వీ8కు ఇంకో చిక్కుంది. స్మాల్ బ్లాక్ షెవీ ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. బేసి అంకెల సిలిండర్లు ఎడమవైపు, సరి అంకెలవి కుడివైపు. ఎడమవైపు 5 తర్వాత వెంటనే 7 మండుతుంది, కుడివైపు 8 తర్వాత వెంటనే 4. అందువల్ల ఒకే పక్క నాలుగు సిలిండర్ల పొగ సమాన వ్యవధిలో రాదు. ఓసారి 90 డిగ్రీలకు, ఓసారి 180కి, ఓసారి 270కి వస్తుంది. ఆ కార్ల గుడగుడ శబ్దానికి కారణం ఈ అసమానతే. దీన్ని పూర్తిగా సరిచేయాలంటే ఎడమ పక్క గొట్టాల్లో కొన్నిటిని కుడి పక్కకూ, కుడివాటిని ఎడమకూ దాటించాలి. ఫోర్డ్ జీటీ40 రేసు కారు వెనక పాముల పుట్టలా పెనవేసుకుని కనిపించే గొట్టాలు అవే. ఇంజను వెనక ఉన్న కారు కాబట్టి అక్కడ కుదిరింది. ముందు ఇంజనున్న మామూలు కారులో అంత చోటు లేదు. కాబట్టి మనకు మిగిలే దారి, రెండు పక్కల గొట్టాలనూ హెడర్ల తర్వాత హెచ్ ఆకారంలోనో ఎక్స్ ఆకారంలోనో కలిపే పైపు. హెడర్ల మీద వేలు పోసి ఈ పైపును వదిలేసేవాళ్లు ఎందరో. నా మటుకు ఇది హెడర్‌తో పాటే కొనాల్సిన వస్తువు.

ఇక కొలత. హెడర్ గొట్టాన్ని పేర్కొనేది బయటి వ్యాసంతో. 1-5/8 అంగుళాల గొట్టం 16 గేజిదైతే గోడ మందం 0.065 అంగుళం. రెండు పక్కలా తీసేస్తే లోపల మిగిలేది 1.495 అంగుళాలు. అదే గేజిలో 1-7/8 తీసుకుంటే లోపల 1.745. వినడానికి పావంగుళం తేడా. లోపలి వైశాల్యంలో మాత్రం అది మూడో వంతుకు పైగా పెరుగుదల. రోడ్డు మీద తిరిగే 302, 327, 350 ఇంజన్లకు, పెద్దగా మార్పులు చేయకపోతే, 1-5/8 చాలు. మంచి హెడ్లు, పెద్ద క్యామ్‌తో 400 హార్స్‌పవర్ దాటితే 1-3/4 అడగొచ్చు. 396, 454, 440 లాంటి బిగ్ బ్లాకులకు 1-3/4 నుంచి 1-7/8, మరీ గట్టిగా కట్టిన ఇంజనుకు 2 అంగుళాలు. కలెక్టరు స్మాల్ బ్లాకుకు 3 అంగుళాలు, బిగ్ బ్లాకుకు 3 లేక 3.5. రెండు సైజుల మధ్య మనసు ఊగిసలాడితే చిన్నదే తీసుకోమంటాను. రోడ్డు కారు తన జీవితంలో ఎక్కువ భాగం 1,500 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్యే గడుపుతుంది. 6,500 దగ్గర దొరికే పది గుర్రాల కోసం రోజూ సిగ్నలు దగ్గర బండిని మందంగా లాగించడం దండగ.

రకాల్లోకి వస్తే, షార్టీ అనే పొట్టి హెడర్లు మానిఫోల్డు ఉన్న చోటే కూర్చుంటాయి, బిగించడం తేలిక. మానిఫోల్డు కంటే మెరుగే గానీ గొట్టాలు చిన్నవి కాబట్టి కెరటాల లాభం పెద్దగా దక్కదు. లాంగ్ ట్యూబుల్లో ఒక్కో గొట్టం సుమారు 30 నుంచి 36 అంగుళాలు ఉంటుంది. శక్తి లెక్కన వీటిదే పైచేయి, ఇబ్బంది లెక్కనా వీటిదే పైచేయి. వీటి మధ్య నిలబడేది ట్రై-వై. నాలుగు గొట్టాలు ముందు రెండు జంటలుగా, ఆ జంటలు మళ్లీ ఒకటిగా కలుస్తాయి. పై వేగంలో రెండు మూడు గుర్రాలు తగ్గినా, మధ్య వేగంలో టార్క్ నిండుగా ఉంటుంది. వారాంతంలో కుటుంబంతో బయటికి తీసుకెళ్లే కారుకు, కుదిరే హెడర్ దొరికితే, నేను ముందుగా చూసేది ట్రై-వైనే. అరవైల్లో ఫెండర్‌వెల్ హెడర్లని ఉండేవి. గొట్టాలను లోపలి మడ్‌గార్డు కోసి చక్రం పక్కగా దించేవారు. ఆ కాలపు డ్రాగ్ కారును అచ్చంగా పునర్నిర్మించేవారికి తప్ప వేరెవరికీ వాటితో పనిలేదు. ఒకసారి కోసిన మడ్‌గార్డు మళ్లీ మామూలు కాదు.

అసలు కథంతా బిగింపులోనే ఉంది. కేటలాగులో ‘1964–73 షెవెల్’ అని రాసి ఉంటే అది ఆ కాలపు ప్రతి షెవెల్‌కూ సరిపోతుందని కాదు. పవర్ స్టీరింగ్ ఉందా, గేరు బాక్సు మాన్యువలా ఆటోమేటికా, ఏసీ కంప్రెసరు ఎక్కడుంది, హెడ్ మీద ప్లగ్గులు తిన్నగా ఉన్నాయా ఏటవాలుగా ఉన్నాయా, ఇన్ని ప్రశ్నలకు జవాబు తెలిశాకే ఆర్డరు పెట్టాలి. తిన్నటి ప్లగ్గుల కోసం వంచిన గొట్టం ఏటవాలు ప్లగ్గుల హెడ్‌కు పెడితే, ప్లగ్గు టోపీ గొట్టానికి ఆనుకుని కొద్ది మైళ్లలోనే కరుగుతుంది.

కారు కారుకూ ముల్లు వేరు. తొలి మస్టాంగుల్లో ఇంజనుకు అటూ ఇటూ షాక్ టవర్లు గోడల్లా నిలబడి ఉంటాయి. 1967లో ఫోర్డ్ ఇంజను చోటు వెడల్పు చేసింది కాబట్టే 390 పట్టింది. పట్టడం అయితే పట్టింది గానీ హెడర్‌కు చోటు మిగల్లేదు. పవర్ స్టీరింగున్న మస్టాంగులో హైడ్రాలిక్ రామ్ లాంగ్ ట్యూబులకు తగులుతుంది. దాన్ని కాస్త కిందికి దించే బ్రాకెట్టు విడిగా అమ్ముతారు, హెడర్‌తో పాటే తెప్పించుకోవాలి. డాడ్జ్, ప్లిమత్ కార్లలో ముందు సస్పెన్షన్‌కు కాయిల్ స్ప్రింగుల బదులు పొడుగ్గా సాగే టార్షన్ బార్లుంటాయి. గొట్టాలు వాటి మధ్యగా దిగాలి. కొన్ని హెడర్లు ఎక్కించాలంటే బార్లే ఊడదీయాల్సి వస్తుంది. వీటన్నిటితో పోలిస్తే షెవెల్, జీటీఓ లాంటి జనరల్ మోటార్స్ ఏ-బాడీ కార్లు ఉదారమైనవి, నేర్చుకునేవాడు వీటితో మొదలుపెట్టడం మేలు.

కమారోలో డ్రైవరు వైపు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. 1968 మోడలు, 350 ఇంజను, నాలుగు గేర్ల మాన్యువల్ అనుకోండి. ఆ ఒక్క పక్కనే స్టీరింగ్ బాక్సు, ఆయిలు ఫిల్టరు, ఆయిలు డిప్‌స్టిక్ గొట్టం, క్లచ్‌ను కదిలించే జెడ్-బార్ ఉంటాయి. లాంగ్ ట్యూబ్ పైనుంచి దిగదు, కారును నాలుగు స్టాండ్ల మీద బాగా ఎత్తి కిందనుంచి ఎక్కించాలి. ముందు డిప్‌స్టిక్ గొట్టం, ప్లగ్గులు, జెడ్-బార్ తీసేయాలి. అటుపక్క ఇంజను మౌంటు బోల్టు వదులు చేసి, ఆయిలు పాన్ కింద చెక్క పలక ఆనించి జాకీతో ఇంజనును ఒక అంగుళమో రెండంగుళాలో లేపితే గొట్టాల కట్ట స్టీరింగ్ బాక్సును దాటుతుంది. అంత ఎత్తులో ఫ్యాను రేడియేటరు ష్రౌడ్‌కు తగలకుండా, డిస్ట్రిబ్యూటరు వెనక గోడకు ఆనకుండా ఒకరు పైనుంచి చూస్తూ ఉండాలి. మౌంటు మళ్లీ బిగించాక స్టీరింగును ఆ చివరనుంచి ఈ చివరకు తిప్పి, క్లచ్ పూర్తిగా తొక్కి, గొట్టాలకు అన్ని చోట్లా కనీసం వేలెడు సందు ఉందో లేదో చూడాలి.

రబ్బరు మౌంట్లు పాతవైతే ఈ కొలతలన్నీ వృథా. 1971 చివర్లో జనరల్ మోటార్స్ మౌంట్లు విరిగి ఇంజను పైకి లేస్తోందని సుమారు 67 లక్షల షెవ్రొలెట్ వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కుంగిన మౌంటు మీద అరంగుళం కిందికి దిగిన ఇంజనుకు హెడర్ కొలిచి పెడితే, రేపు మౌంటు మార్చిన రోజున గొట్టం చోటు మారుతుంది. కాబట్టి కొత్త మౌంట్లు ముందు, హెడర్ తర్వాత.

ఎంత మంచి కంపెనీది కొన్నా ఏదో ఒక గొట్టం ఎక్కడో ఓ వెంట్రుకవాసి తగలవచ్చు. అలాంటి చోట గొట్టాన్ని ఎర్రగా కాల్చి సుత్తితో కాస్త నొక్కడం పాత పద్ధతి. కొత్త హెడర్‌ను కొట్టడానికి ఎవరికైనా చెయ్యి రాదు. కానీ డైనో మీద హెడర్లను సుత్తితో సొట్టలు పోయేదాకా కొట్టి కొలిచిన పరీక్షల్లో శక్తి నష్టం చాలా స్వల్పంగానే తేలింది. చాసిస్‌కు తగిలి టకటక కొట్టుకునే గొట్టం కంటే సొట్ట ఉన్న గొట్టం వెయ్యి రెట్లు నయం. నేలకు ఉన్న ఎత్తు మాత్రం సుత్తితో తేలేది కాదు. లాంగ్ ట్యూబ్ కలెక్టర్లే చాలా కార్లలో అన్నిటికంటే కిందికి వేలాడతాయి. స్ప్రింగులు దించిన కారు అయితే ప్రతి స్పీడ్ బ్రేకరూ పరీక్షే.

పాత మానిఫోల్డు విప్పేటప్పుడు తొందర పనికిరాదు. యాభై ఏళ్లు కాగిన బోల్టు హెడ్‌లో విరిగితే ఒక పూట పని వారం పడుతుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టి, కాస్త బిగించి కాస్త వదులు చేస్తూ తియ్యాలి. స్మాల్ బ్లాక్ షెవీకి ఒక్కో పక్క ఆరు బోల్టులే కాబట్టి పని త్వరగా తేలుతుంది. క్రైస్లర్ స్మాల్ బ్లాకుల్లో చివరి స్టడ్లు హెడ్‌లోని నీటి గదిలోకి వెళ్తాయి, కూలెంటు దించకుండా విప్పితే నీళ్లు మీద పడతాయి, సీలెంటు పూయకుండా బిగిస్తే జన్మంతా కారుతూనే ఉంటుంది. హెడర్ కొనేటప్పుడు ఫ్లాంజి మందం అడగండి. 3/8 అంగుళం ఉంటే వంగదు, దానికంటే పలచనైతే వేడికి అలలుగా లేచి గ్యాస్కెట్టును తినేస్తుంది. హెడర్‌తో వచ్చే అట్ట గ్యాస్కెట్టు పక్కన పెట్టి గ్రాఫైటుదో, రాగిదో, పొరల ఉక్కుదో వెయ్యడం మంచిది. బోల్టులు మధ్యనుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో సుమారు 20–25 ఫుట్-పౌండ్లకు. ఒకసారి ఇంజను బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించాలి, ఆ తర్వాత కొన్ని వందల మైళ్లకు మరోసారి. హెడర్లు కారతాయన్న అపవాదులో చాలాభాగం ఈ రెండో బిగింపు మానేసినవాళ్లు తెచ్చిందే. ఉదయం చల్లటి ఇంజను స్టార్టు చేయగానే టిక్ టిక్‌మని వినిపించి, వేడెక్కాక తగ్గితే అది ఫ్లాంజి దగ్గరి లీకే. ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను ఫ్లాంజి వెంట నడిపిస్తే ఏ సిలిండరో దొరికిపోతుంది.

మానిఫోల్డుతో పాటు రెండు చిన్న సౌకర్యాలు పోతాయన్నది చాలామంది తర్వాత గానీ గమనించరు. చల్లగా ఉన్నప్పుడు పొగను ఇన్‌టేక్ కిందికి మళ్లించే హీట్ రైజర్ వాల్వు ఒకటి. మానిఫోల్డు వేడిగాలితో తెరుచుకునే ఆటోమేటిక్ చోక్ రెండోది. ఎలక్ట్రిక్ చోక్ పెట్టుకుంటే రెండో చిక్కు తీరుతుంది. పొగ తేలిగ్గా పోతున్నకొద్దీ ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది, కార్బురేటరు అదే జెట్లతో ఉంటే మిశ్రమం పలచబడుతుంది. ఒకటి రెండు సైజులు పెద్ద జెట్లు తరచుగా అవసరమవుతాయి. ప్లగ్గుల రంగు చూసో, ఇంకా మేలైతే కలెక్టరులో ఆక్సిజన్ సెన్సారుకు బంగ్ వెల్డ్ చేయించి వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టో తేల్చుకోవాలి. హెడర్ బిగించి జెట్లు మార్చకుండా, లాభమేమీ లేదనేవాళ్లకు నా జవాబు ఇదే.

వేడి ఇంకో సమస్య. పలచటి ఉక్కు పోత ఇనుములా వేడిని పట్టి ఉంచదు, బానెట్ కింద వెదజల్లుతుంది. స్టార్టరు పక్కనుంచి గొట్టం పోతే, వేడెక్కిన కారు పెట్రోలు బంకు దగ్గర ఆపాక మళ్లీ తిరగదు. చిన్న సైజు గేర్ రిడక్షన్ స్టార్టరు, వేడి తెర, ప్లగ్గు వైర్లకు తొడుగులు ముందే సిద్ధం చేసుకోవాలి. గొట్టాలకు నార పట్టీ చుట్టడం చూడ్డానికి బాగుంటుంది, వేడీ తగ్గుతుంది. కానీ మామూలు ఉక్కు మీద ఆ పట్టీ తేమను పట్టుకుని గొట్టాన్ని లోలోపల తినేస్తుంది, అందుకే కొన్ని కంపెనీలు పట్టీ చుడితే వారంటీ ఇవ్వవు. నేనైతే లోపలా బయటా సిరామిక్ పూతకే ఓటు వేస్తాను. కొత్తగా కట్టిన ఇంజను మొదటిసారి నడిపేటప్పుడు మాత్రం ఆ పూత హెడర్లు పెట్టకూడదు. టైమింగ్ కుదరని ఆ కాసేపటి అతివేడికే పూత కాలిపోతుంది. ఆ పనికి పాత మానిఫోల్డులే వాడాలి. 304 స్టెయిన్‌లెస్ అన్నిటికంటే మన్నుతుంది, ధర కూడా అన్నిటికంటే ఎక్కువే.

చట్టం సంగతి: కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందటి కార్లకు స్మాగ్ తనిఖీ లేదు, కాబట్టి అసలైన మజిల్ కార్ల యుగమంతా ఆ తనిఖీ బయటే ఉంది. చప్పుడు మీద పట్నానికో నిబంధన ఉంటుంది, అది వేరే.

చివరిగా మానిఫోల్డుల విలువ. పోత మీద ఉన్న నంబరు, తేదీ గుర్తు కారుతో సరిపోలితే, ఆ ఇనుప ముక్కలు లేకుండా నంబర్లన్నీ కలిసిన కారు అని అమ్మడం కష్టం. 1970 షెవెల్ ఎల్ఎస్6, రామ్ ఎయిర్ జీటీఓ లాంటి కార్లకైతే హెడర్ పెట్టకపోవడమే నా సలహా. ఆ పోంటియాక్ రామ్ ఎయిర్ మానిఫోల్డులు ఫ్యాక్టరీ పోతల్లో మేలైనవి. మామూలు లెమాన్స్‌లో పోంటియాక్ ఇంజను వేసుకున్నవారు వాటి నమూనాలో ఇప్పుడు కొత్తగా పోతపోసి అమ్ముతున్నవి తీసుకుంటే, హెడర్ ఇచ్చే శక్తిలో మంచి భాగం లీకూ లేకుండా, స్టార్టరు కాలకుండా దక్కుతుంది. సాదా 307 కమారోకో, ఇంజను మారిపోయిన మస్టాంగుకో ఆ సంకోచం అక్కర్లేదు. అయినా విప్పిన మానిఫోల్డులను పాత సామాన్ల వాడికి తూకానికి ఇవ్వకండి. నూనె రాసి, ఎడమా కుడీ గుర్తు కట్టి, వాటి బోల్టులు ఓ సంచిలో వేసి అటక మీద పెట్టండి. కారు కొనబోయేవాడు మొదట అడిగేది వాటి గురించే.